అవతలి కొస

తోడల్లుడు అంచు స్థలం కొన్నాడన్న కబురు చెవిన పడేసరికి బట్టల కొట్టాయన చేతిలో కత్తెర ఉంది. పరదా గుడ్డ తాను బల్ల మీద పరిచి, మీటరు బద్దకి బొటనవేలు ఆనించి కొలుస్తున్నాడు. బల్లకి అవతల ఒకావిడ నిలబడి చూస్తోంది. ఫోనుని చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, భార్య చెప్పిందంతా విని, “మంచిదేగా” అన్నాడు. అని, ఆరు మీటర్ల దగ్గర పెట్టాల్సిన కత్తెర అయిదున్నర దగ్గర పెట్టాడు. ఇరవయ్యేళ్ళ వ్యాపారంలో ఆయన కత్తెర తప్పడం అదే మొదలు. ఆవిడ ముఖం చిట్లించింది. ఆయన ఆ ముక్కని మడిచి పక్కన పడేసి, తన పొరపాటుకి తనే నవ్వి, మళ్ళీ ఆరు మీటర్లు కోశాడు.

సాయంత్రం ఇంటికి వెళ్ళి, చెప్పులైనా విడవకుండా పైకెక్కి బాల్కనీలో నిలబడ్డాడు. వాళ్ళ వీధి నది మీదికి పొడుచుకొచ్చిన ఎత్తైన గట్టు మీద ముగుస్తుంది. వీధిలో ఆఖరి ఇల్లు ఆయనదే. ఇంటి ముందు ఖాళీ స్థలం. ఆ స్థలం అవతల ఏమీ లేదు, ఒక్కసారిగా ఆరు నిలువుల లోతున నది. నది అక్కడ ఒంపు తిరుగుతుంది. ఆ ఒంపు మీద పడే పొద్దుటి ఎండని ఆయన పన్నెండేళ్ళుగా టీ తాగుతూ చూస్తున్నాడు. ఇల్లు కట్టేముందు రెండు స్థలాలూ చూపించారు. అంచున కట్టేవాడు పిచ్చివాడని, వెనక స్థలం పుచ్చుకున్నాడు. అంచు స్థలాన్ని ఎవరూ కొనరు, కొనని స్థలం తనకి ఊరికే వచ్చిన పెరడు అని లెక్క. సొంతం చేసుకోకుండానే సొంతమైన సరుకు అది. ఇప్పుడు దాని మీద ఎవరో చెయ్యి వేశారు. ఎవరో అయినా బాగుండేది.

తోడల్లుడు పడవల ఇంజన్లు బాగుచేసే మెకానిక్కు. గోళ్ళ సందుల్లో నూనె నలుపు పెళ్ళిరోజున కూడా పోలేదని అత్తగారు ఇప్పటికీ నవ్వుతుంది. నవ్వుతూనే, “చిన్నల్లుడిది బంగారం లాంటి మనసు” అంటుంది. పెద్దల్లుడి గురించి అడిగితే, “ఆయనకేం, పెద్ద వ్యాపారం” అంటుంది. ఒకరికి మనసు, ఒకరికి వ్యాపారం. ఆ తూకం కొట్టాయనకి ఎప్పుడూ సరిపడలేదు. మెకానిక్కు దేనికీ వెంపర్లాడడు, అన్నీ వాటంతట అవే నడిచొచ్చి అతని ఒళ్ళో కూర్చుంటాయి. ఇప్పుడు నది ఒంపు కూడా నడిచొచ్చింది.

“వాళ్ళు మన ఎదురుగా ఉంటే నాకూ తోడుగా ఉంటుంది,” అంది భార్య మెట్లెక్కి వచ్చి. ఆమెకీ చెల్లెలికీ మధ్య రోజుకి రెండు ఫోన్లు. ఇక ఫోను అక్కర్లేదు, కిటికీ చాలు.

“అంచుకి కట్టడానికి అనుమతి ఇవ్వరు,” అన్నాడాయన.

“మట్టి పరీక్ష చేయించి కాగితం తెస్తే ఇస్తారట. ఆదివారం ఇంజనీరమ్మ వస్తోంది. అన్నట్టు, వెనక గది తలుపు మళ్ళీ పట్టేసింది. వడ్రంగికి చెప్పండి.”

“వాన గాలికి చెక్క ఉబ్బింది. గీకితే పోతుంది.”

“ఈ ఏడాదిలో రెండుసార్లు గీకాడు. ఇంకోసారి గీకితే తలుపు అప్పడం అవుతుందని అంటున్నాడు.”

కొట్టాయన వినలేదు. ఖాళీ స్థలంలో గడ్డి తెల్లగా ఊగుతోంది. ఆ గడ్డి కూడా ఇవాళ తోడల్లుడిదే అనిపించింది.

*

ఆదివారం పొద్దున్నే ముగ్గురూ దిగారు. మెకానిక్కు, మరదలు, వాళ్ళతో మట్టి ఇంజనీరమ్మ. పొట్టి మనిషి, ఎండకి కమిలిన ముఖం, మడమల దాకా బురద మరకలున్న బూట్లు. స్థలంలోకి వచ్చినవాళ్ళెవరైనా ముందు నది వైపు నడుస్తారు. ఈవిడ నది వైపు చూడనైనా లేదు. ముందు చెట్లు చూసింది. అంచు వారగా ఉన్న నాలుగు చెట్ల మొదళ్ళ దగ్గర ఒంగి, చేత్తో తడిమింది. మొదలు వంకరపోయి పైన నిటారుగా లేచిందంటే కింద మట్టి జారుతోందనీ, చెట్టు సర్దుకుని నిలబడుతోందనీ మెకానిక్కుకి చెప్పింది. ఈ చెట్లు మొదలు నుంచీ నిటారుగానే ఉన్నాయంది. తర్వాత అంచు వెంబడి గడ్డిని కాలితో పాయలు తీసుకుంటూ పగుళ్ళు వెతికింది. కాలిబాట పట్టుకుని గట్టు కిందికి దిగి, పాదం దగ్గర ఎక్కడైనా నీళ్ళు ఊరుతున్నాయేమో చూసి, అరగంటకి పైకొచ్చింది. మెకానిక్కు ఆవిడ సంచీ మోస్తూ, ఆవిడ ఎక్కడ ఒంగితే అక్కడ తనూ ఒంగుతూ తిరిగాడు.

కొట్టాయన బాల్కనీలోంచి ఇదంతా చూశాడు. పగుళ్ళు దొరకలేదని ఆవిడ నడక చూస్తేనే తెలిసిపోయింది. దొరికినవాళ్ళు ఆగుతారు, ఆవిడ ఎక్కడా ఆగలేదు. టీ చల్లారింది. కిందికి దిగాడు.

అప్పటికి పెద్ద బరమాతో భూమికి తూట్లు పొడుస్తున్నారు. మెకానిక్కు అడ్డపిడి పట్టుకుని గానుగెద్దులా గుండ్రంగా తిరుగుతున్నాడు. పైకొచ్చిన మట్టిని ఇంజనీరమ్మ అరచేతుల మధ్య పేని చూస్తోంది. జంతికంత సన్నగా తాడులా సాగితే అది బంకమట్టి, నీళ్ళు తాగుతుంది, జారుతుంది. ఇది పేనగానే పొడిపొడిగా తెగిపోయింది. నడుంలోతు దిగేసరికి బరమా కిర్రుమని ఆగింది.

“రాయి,” అంది ఆవిడ.

“మంచిదేనా మేడం?” అని అడిగింది మరదలు.

“ఇప్పటికి మంచిదే.”

ఆ ‘ఇప్పటికి’ అన్న మాటని కొట్టాయన చటుక్కున పట్టుకుని జేబులో వేసుకున్నాడు. కట్టొచ్చని తేలినా అంచు నుంచి ఎంతో కొంత వెనక్కి జరిగి కట్టమంటారని విన్నాడు. దూరం ఎంత ఉండాలని అడిగాడు. కనీసం ముప్పై అడుగులంది ఆవిడ. ఆయన మనసులో చకచకా కొలత వేశాడు. ముప్పై అడుగులు వెనక్కి జరిగితే ఆ ఇల్లు సరిగ్గా తన బాల్కనీ ముక్కుకి ఆనుకుంటుంది. అంచున కడితే పక్క సందులోంచి అరచేయంత నది అయినా మిగిలేది. అంటే సగం ప్రమాదం తనకి నష్టం. పూర్తి ప్రమాదం ఉంటేనే లాభం. అసలు కట్టనే కూడదని రావాలి.

ఇంజనీరమ్మ మూడు ఇనప గూటాలు తెచ్చింది. అంచుకి ఆరడుగుల ఇవతల, వరసగా, రాయి తగిలేదాకా దిగ్గొట్టించింది. ఒక్కో గూటం నెత్తిన చిన్న గీత. వారం రోజులు చూడాలి, వానలు మొదలవుతున్నాయి కాబట్టి ఇదే మంచి సమయం, నేల కదిలేదైతే తడిసినప్పుడే కదులుతుందంది. రోడ్డు మలుపులో బయటికి లేచిన నల్ల బండ మీద సున్నంతో ఒక గుర్తు పెట్టి, మూడుకాళ్ళ దుర్భిణీ నిలబెట్టి గూటాలని చూసి రాసుకుంది. తను మళ్ళీ వారానికి గానీ రానంది. మధ్యలో రోజూ టేపుతో కొలిచి రాసేవాళ్ళు ఉంటే మంచిది, కానీ బండ నుంచి టేపు అందదు, దగ్గర్లో ఇంకేదైనా కదలనిది కావాలంది.

“కదలనిది అంటే మా గేటు స్తంభం ఉందిగా,” అన్నాడు కొట్టాయన. అనేసి, తన నోటి వేగానికి తనే ఆశ్చర్యపోయాడు. “పన్నెండేళ్ళయింది. వెంట్రుకవాసి పగులు లేదు. ఈ వీధిలో దానికంటే గట్టిది మీకు దొరకదు. రోజూ నేనే కొలుస్తాను, కొలవడం నా వృత్తి.”

ఇంజనీరమ్మ స్తంభాన్నీ, దాని వెనకున్న ఇంటినీ కొంచెంసేపు చూసింది.

“మీ వాన నీళ్ళు ఎటు పోతాయండీ?”

“వెనక ఇంకుడు గుంత ఉంది. డాబా మీద నీళ్ళూ, స్నానాల నీళ్ళూ అన్నీ దాన్లోకే. చుక్క వృథా కాదు.”

“వెనక ఇదివరకు వాగూ వంకా ఏమన్నా ఉండేదా?”

ఇల్లు కట్టినప్పుడు మేస్త్రీ చెప్పిన మాట కొట్టాయనకి గుర్తుంది. ఇక్కడ వంక ఉండేది బాబూ, మట్టీ రాళ్ళూ పోసి చదును చేశారు, అని. ఆ మాట బయటపెడితే ఇంటి విలువ ఏమవుతుందో లెక్క కట్టడానికి ఆయనకి రెప్పపాటు చాలింది. పైగా మరదలు పక్కనే ఉంది.

“నాకు తెలిసి లేదు,” అన్నాడు.

ఆవిడ స్తంభానికి మేకు కొట్టించి, దాన్నీ దుర్భిణీలో చూసి రాసుకుంది. ఉక్కు టేపు, దాంతో పాటు చేపల బజారులో ఉండేలాంటి స్ప్రింగు కాటా ఇచ్చింది. టేపు ఉంగరాన్ని మేకుకి తగిలించి, గూటం దగ్గరికొచ్చి, కాటా కొక్కెంతో లాగాలి. ముల్లు అయిదు మీద నిలబడ్డాకే అంకె చూడాలి. ఎక్కువ లాగినా తప్పే, వదులుగా ఉంచినా తప్పే.

“వదులైతే ఏమవుతుంది?” అని అడిగాడు మెకానిక్కు.

“మధ్యలో టేపు జోలెలా వేలాడుతుంది. ఉన్న దూరం కంటే ఎక్కువ చూపిస్తుంది.”

కొట్టాయనకి మనసులోనే నవ్వొచ్చింది. గుడ్డని లాగితే పెరుగుతుంది, టేపుని వదిలితే పెరుగుతుంది. అంతే తేడా.

“మీ రుణం తీర్చుకోలేం అన్నయ్యా,” అన్నాడు మెకానిక్కు, నూనె చేతులు లుంగీకి తుడుచుకుంటూ. “మా అద్దింటాయన వర్షాకాలం అయ్యాక ఖాళీ చెయ్యమంటే, మొన్నే ఇంకో ఏడాదికి ఒప్పించాను. ఈలోపు కట్టేసుకోవాలి. మీరు ఎదురుగా ఉన్నారన్న ధైర్యంతోనే ఈ స్థలం కొన్నాను.”

ఆ మాటలో అబద్ధం లేదు. అదే కొట్టాయనకి మండింది. అబద్ధం ఉంటే పట్టుకోవడానికి పిడి ఉండేది.

*

మొదటిరోజు నడిమి గూటానికి పద్దెనిమిది మీటర్ల రెండువందల నలభై మిల్లీమీటర్లు. రెండోరోజూ అంతే. మిగతా రెండు గూటాల అంకెలూ మారలేదు. కొట్టాయన కొట్టుకి వెళ్ళేముందు కొలిచి, నోటుపుస్తకంలో అంకె వేసి, దాని కింద గీత గీసేవాడు. గీత చాలా నిదానంగా గీసేవాడు, అంకె మారడానికి ఇంకో అవకాశం ఇస్తున్నట్టు.

మూడోరోజు పొద్దున మెకానిక్కూ మరదలూ వచ్చి, గడ్డిలో సున్నంతో గదులు గీసుకున్నారు. ఇది ముందు గది, ఇది వంటగది అంటూ మరదలు ఒక గడిలోంచి ఇంకో గడిలోకి గుమ్మం ఉన్నట్టే కాలెత్తి దాటుతోంది. అక్క గేటు దగ్గర నిలబడి నవ్వుతోంది. వంటగది కిటికీ నది వైపు పెట్టమని చెల్లెలికి సలహా ఇచ్చింది. “మాకు వంటింట్లోంచి వెనక గోడ తప్ప ఏం కనపడదు,” అంది. పన్నెండేళ్ళలో ఆవిడ ఆ సంగతి ఎన్నడూ అనలేదు. ఆయనా ఎన్నడూ అడగలేదు. బాల్కనీలో కుర్చీ ఒకటే ఉంది.

వాళ్ళు వెళ్ళాక కొట్టాయన టేపు తగిలించాడు. కాటా లాగాడు. ముల్లు అయిదు మీదికొచ్చింది. రెండువందల నలభై. అటూ ఇటూ చూశాడు. చెయ్యి కొంచెం సడలించాడు. ముల్లు నాలుగు దాటి మూడు వైపు దిగింది. టేపు పొట్ట కనపడీ కనపడనట్టు జారింది. రెండువందల నలభై రెండు.

అది దొంగతనం అని ఆయన అనుకోలేదు. బొటనవేలి వాసి అనుకున్నాడు. మీటరు బద్ద కొసన బొటనవేలు వాసి ఎంతుంటుందో ప్రతి కొట్టువాడికీ తెలుసు. ఆ వాసి కొన్నవాడు గుర్తుపట్టడు, అమ్మినవాడు చెప్పడు. నలభై రెండు అని వేశాడు. ఆ రోజు గీత చకచకా గీశాడు.

ఆ రాత్రంతా వాన కురిసింది. నాలుగోరోజు పొద్దున భయంతోనే గూటం దగ్గరికి వెళ్ళాడు. ఇవాళ సరిగ్గా లాగితే నలభైకి దిగుతుంది, నిన్నటి అంకె దొంగదని తేలిపోతుంది. ముల్లు అయిదు మీద నిలబెట్టాడు. ఒంగి చూశాడు. నలభై రెండు. కళ్ళు నులుముకున్నాడు. టేపు విప్పి, మళ్ళీ తగిలించి, మళ్ళీ లాగాడు. అయిదు. నలభై రెండు. మిగతా రెండు గూటాలూ చూశాడు. వాటికీ రెండు పెరిగింది.

అక్కడే గడ్డిలో చతికిలబడ్డాడు. తను అబద్ధం రాస్తే నేల దాన్ని రాత్రికి రాత్రి నిజం చేసింది. ఆ తర్వాత, నెమ్మదిగా, టీ లోపలికి దిగినప్పటి వెచ్చదనం లాంటిది ఒకటి గుండెలోకి దిగింది. గూటాలు నది వైపు జారుతున్నాయి.

అయిదోరోజు కుండపోత. గొడుగు పట్టుకుని కొలిచాడు, నలభై నాలుగు. ఆరోరోజు నలభై ఏడు. ఏడోరోజు నలభై తొమ్మిది. ముల్లు ప్రతిసారీ అయిదు మీదే. ఇప్పుడాయన కొలతల్లో బొటనవేలు లేదు. అంత నిజాయితీగా ఆయన జన్మలో ఏదీ కొలవలేదు.

ఆ మూడు రోజులూ కొట్టులో ఆయన్ని చూసినవాళ్ళు, లాటరీ తగిలిందా ఏమిటని వేళాకోళం ఆడారు. అడిగిన ధరకే సరుకు ఇచ్చాడు. అయిదున్నర మీటర్ల పరదా ముక్కని తీసి, మరదలి ఇంట్లో కిటికీకి సరిపోతుందని పంపించాడు. మెకానిక్కుకి తనే ఫోను చేసి, ఆరోగ్యం ఎలా ఉంది, పని ఎలా ఉందని అడిగాడు. అంకెల సంగతి మాత్రం చెప్పలేదు. ఆ ముక్క ఇంజనీరమ్మ నోటి నుంచి రావాలి. ఆవిడ చెప్పాక, అందరి ముఖాలూ వాడిపోయాక, తను అనాల్సిన మాట ఒకటి ఉంది. దాన్ని గడ్డం గీసుకుంటూ అద్దం ముందు సానబెట్టాడు.

“పోనీలే, ఇల్లెక్కడికి పోతుంది? మా దగ్గర గది ఉంది. ఎన్నాళ్ళైనా ఉండండి.”

మొదట ‘మా ఇల్లు పెద్దది’ అని చేర్చాడు. గొప్ప చెప్పినట్టుంటుందని తీసేశాడు. ‘ఎన్నాళ్ళైనా’ దగ్గర కాస్త ఆగి చెబితే బాగుంటుందని తోచింది. ఆగి చెప్పి చూశాడు.

“ఎవరితోనండీ మాట్లాడుతున్నారు?” అంది భార్య వెనకనుంచి. ఆమె వెనక గది తలుపు కింద కత్తిపీట పెట్టి ఎత్తుతోంది. ఇప్పుడు తలుపు మూసుకోవడమే లేదు.

*

ఎనిమిదో రోజు వాన తెరపిచ్చింది. ఇంజనీరమ్మ నేరుగా నల్ల బండ దగ్గరికి వెళ్ళి మూడుకాళ్ళు నిలబెట్టింది. గూటాలు చూసింది. రాసుకుంది. తర్వాత దుర్భిణీ తిప్పి, గేటు స్తంభం వైపు చాలాసేపు చూసింది. మళ్ళీ రాసుకుంది. కొట్టాయన తెల్ల చొక్కా వేసుకుని, నోటుపుస్తకం చంకలో పెట్టుకుని గేటు దగ్గర నిలబడ్డాడు. అక్కాచెల్లెళ్ళు వసారాలో ఉన్నారు. మెకానిక్కు గోళ్ళు గిల్లుకుంటున్నాడు. అతని ముఖంలో మొదటిసారి బెంగ కనపడింది. కొట్టాయన దాన్ని తృప్తిగా చూసుకున్నాడు.

ఆవిడ వచ్చి పుస్తకం అందుకుంది. అంకెల వెంట వేలు నడిపించి, ఒక చోట ఆపింది.

“ఈ మూడోరోజు. ఆ రోజు వాన లేదు. మిగతావన్నీ వాన వెనకాలే పెరిగాయి. ఇదొక్కటే ముందుగా పెరిగింది. ఎలాగండీ?”

కొట్టాయనకి ఇలాంటి ఘడియలు కొత్త కాదు. సరుకులో చిన్న లోపం కొనేవాడి కంటపడ్డప్పుడు దాచకూడదు, ముందుగా ఒప్పుకోవాలి. ఒప్పుకున్న చిన్న లోపం మిగతా తానుకంతటికీ పూచీ పడుతుంది.

“ఆ రోజు ముల్లు మూడు మీద ఉంది మేడం,” అన్నాడు. “చెయ్యి సడలింది. నాదే తప్పు. మిగతావి మాత్రం అయిదు మీదే లాగాను. ప్రమాణం చేసి చెబుతాను.”

“సడలిందా, సడలించారా?”

వసారాలో గాజుల చప్పుడు ఆగింది. కొట్టాయన చొక్కా చేతి మడత సర్దుకున్నాడు. మెకానిక్కు తలెత్తి ఆయన వంక చూశాడు. కోపంగా కాదు, పనిచేస్తున్న ఇంజనులో కొత్త చప్పుడు విన్నట్టు చూశాడు.

“సరే,” అంది ఇంజనీరమ్మ. “మిగతావి నిజమే. నా లెక్కకీ మీ లెక్కకీ మిల్లీమీటరు తేడా లేదు. దూరం తొమ్మిది పెరిగింది. కానీ బండ మీది గుర్తు నుంచి చూస్తే గూటాలు వెంట్రుకవాసి కూడా కదల్లేదు. మూడూ పాతిన చోటే ఉన్నాయి.”

“మరి దూరం ఎలా పెరిగింది?” అన్నాడు కొట్టాయన.

“టేపుకి రెండు కొసలుంటాయి కదండీ.”

ఆయన గూటం వైపు చూశాడు. తర్వాత, ఎనిమిది రోజుల్లో మొదటిసారి, రోజూ టేపు పరిచే దారి వెంట వెనక్కి చూసుకుంటూ వచ్చాడు. చూపు వచ్చి తన గేటు స్తంభం దగ్గర ఆగింది. స్తంభం ఎప్పటిలాగే నున్నగా, నిటారుగా ఉంది.

“ఆ రోజు అడిగాను,” అంది ఆవిడ. గొంతులో కోపం లేదు. “వెనక వంక ఉండేదా అని.”

భార్య మెట్లు దిగి వచ్చింది. కొట్టాయన చూపు దించుకున్నాడు.

“ఉండేది,” అన్నాడు. “పూడ్చారు.”

ఇంజనీరమ్మ ఇల్లు చూస్తానంది. వెనక గదిలోకి వెళ్ళి, దారానికి కట్టిన గుండుని గుమ్మం నిలువు వెంట వదిలింది. గుండు నిలకడకొచ్చాక, పైన అంటుకుని ఉన్న దారానికీ కింద చెక్కకీ మధ్య రెండు వేళ్ళు దూరేటంత ఖాళీ ఉంది. తలుపుది తప్పేమీ లేదు, గుమ్మమే ఒరిగింది. పెరట్లో ఇంకుడు గుంత చుట్టూ నేల అరటిపండులా మెత్తగా ఉంది. ఆవిడ గుప్పెడు మట్టి తీసి అరచేతుల్లో పేనింది. అది తెగలేదు. సన్నగా, పొడుగ్గా, నూలుదారంలా సాగుతూ పోయింది. పన్నెండేళ్ళ నీళ్ళన్నీ పోసి పెంచిన దారం అది. కొట్టాయన దాన్ని చూస్తూ నిలబడ్డాడు. ఎంత సాగితే అంత నష్టమని లెక్క తెలిసినవాడికి, ఆ దారం ఎంతకీ తెగకపోవడం చూడటం కష్టమే.

పూడ్చిన మట్టి గుంత నీళ్ళకి నాని జారుతోంది, గేటుతో సహా ఇల్లు వెనక్కి జరుగుతోంది, అయినా ఇవాళే కూలుతుందని అననంది ఇంజనీరమ్మ. గుంత మూసి, నీళ్ళన్నీ పైపులో గట్టు కిందికి పంపి, వెనక వైపు పునాది కింద రాయి తగిలేదాకా స్తంభాలు దించితే ఇల్లు నిలబడొచ్చంది. కానీ ఈ వానలయ్యేదాకా లోపల పడుకోవద్దంది. ఎదురు స్థలానికి మాత్రం అభ్యంతరం లేదు, అంచు నుంచి ముప్పై అడుగులు వదిలి కట్టుకోవచ్చు. ఆ మాట చెబుతున్నప్పుడు ఆవిడ గొంతు తగ్గించింది. ఒక ఇంట్లో రెండు కబుర్లు చెప్పాల్సి వచ్చినవాళ్ళు అలాగే తగ్గిస్తారు.

భార్య వసారా గోడకి ఆనుకోబోయి, గుర్తొచ్చినట్టు విడిచి నిలబడింది. చెల్లెలు వెళ్ళి ఆమె చెయ్యి పట్టుకుంది. కొట్టాయన మనసులో ఏ లెక్కా నడవడం లేదు. ఖాళీ బల్ల మీద కత్తెర పెట్టినట్టుంది లోపల.

మెకానిక్కు దగ్గరికొచ్చాడు. మూడోరోజు సంగతి అడుగుతాడేమో అనుకున్నాడు కొట్టాయన. అడిగితే చెప్పడానికి నాలుగు జవాబులు గబగబా వెతుక్కున్నాడు.

“పోనీలే అన్నయ్యా,” అన్నాడు మెకానిక్కు. “ఇల్లెక్కడికి పోతుంది? మా దగ్గర అద్దింట్లో ముందు గది ఖాళీగానే ఉంది. ఎన్నాళ్ళైనా ఉండండి.”

భార్య తలెత్తి కొట్టాయన ముఖంలోకి చూసింది. గడ్డం గీసుకునే అద్దం ముందు ఆ మాటలు మూడు పొద్దులు విన్న మనిషి ఆమె. చూసి, చూపు తిప్పుకుంది.

మూడు రోజులు సానబెట్టిన మాట. తను చెప్పి ఉంటే ఇంకా బాగా చెప్పేవాడు. ‘ఎన్నాళ్ళైనా’ దగ్గర ఆగేవాడు. వీడు ఎక్కడా ఆగలేదు, సానబెట్టనూ లేదు, జేబులోంచి చిల్లర తీసిచ్చినట్టు ఇచ్చేశాడు. ఇల్లు జారుతోందన్నప్పుడు కూడా రాని మంట ఇప్పుడు కొట్టాయనకి వచ్చింది.

“మంచం మీది పరుపులు ముందు తీసుకెళ్దాం,” అన్నాడు చివరికి. “మళ్ళీ వానొస్తుంది.”

ఇంజనీరమ్మ సంచీ సర్దుకుంటూ, ఇక ముందు ఈ స్తంభాన్నే చూస్తూ ఉండాలంది. గూటాలు కదలనివని తేలింది కాబట్టి వాటి దగ్గర్నుంచి స్తంభానికి రోజూ కొలవమంది. టేపూ కాటా కొట్టాయనకి చాపింది.

ఆయన చేతులు కట్టుకుని ఉండిపోయాడు.

“తమ్ముడికివ్వండి,” అన్నాడు. “నా చెయ్యి నమ్మకండి.”

మెకానిక్కు మొహమాటపడ్డాడు. తర్వాత నూనె చేతులు తుడుచుకుని టేపు అందుకుని, ఉంగరాన్ని గూటానికి తగిలించి, దాన్ని విప్పుకుంటూ స్తంభం దాకా నడిచాడు. కొట్టాయన ఈసారి స్తంభం పక్కనే, ఎనిమిది రోజులూ చూడని కొస దగ్గర నిలబడ్డాడు. మెకానిక్కు కాటా తగిలించి ఒక్కసారి లాగాడు. ఊగలేదు, దాటలేదు, వెనక్కి రాలేదు. ముల్లు మొదటిసారికే వచ్చి అయిదు మీద నిలబడింది.

తనకి అది రావడానికి రెండు రోజులు పట్టింది. కొట్టాయన ముల్లునే చూస్తూ, పుస్తకం తెరిచి పట్టుకున్నాడు.

“చెప్పు తమ్ముడూ,” అన్నాడు. “నేను రాస్తాను.”